నీళ్లు మోస్తాయి అంతే, వేడిని బయటికి పంపేది గాలి

లిక్విడ్ కూలింగ్ అనగానే చాలామందికి ఫ్రిజ్ గుర్తొస్తుంది. చల్లని నీళ్లు, చల్లని ప్రాసెసర్, ఇక మే నెల మధ్యాహ్నమైనా దిగుల్లేకుండా గేమ్ ఆడుకోవచ్చు అనుకుంటారు. కానీ ఏఐఓ కూలర్‌లో ఫ్రిజ్‌లో ఉన్నట్టు కంప్రెసర్ ఏమీ ఉండదు. ఒక చిన్న పంపు, రెండు ట్యూబులు, ఒక రేడియేటర్, దానికి బిగించిన ఫ్యాన్లు. అంతే. వేడి ప్రాసెసర్ దగ్గర నుంచి రేడియేటర్ దగ్గరికి మారుతుంది. అక్కడ గాలి ఆడకపోతే మీరు పెట్టిన పది పన్నెండు వేలు ఆర్జీబీ లైట్ల ఖర్చు కిందే లెక్క.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ఏసీ లేని గదిలో పీసీ కట్టుకునేవాళ్లలో ఎక్కువమందికి లిక్విడ్ కూలర్ మొదట కొనాల్సిన వస్తువు కాదు. ముందు గది, తర్వాత కేసు, తర్వాత పవర్ సెట్టింగులు. ఇవన్నీ సరిచేసుకున్నాక కూడా ప్రాసెసర్‌కి చాలకపోతే అప్పుడు ఏఐఓ. మనలో చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తున్నాం, షాపులవాళ్లు కూడా అలాగే చేయిస్తున్నారు.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. బి.కొత్తకోటలో ఇంటి నుంచే పని చేస్తాను. పగలంతా కోడ్ కంపైల్ అవుతుంటుంది, రాత్రి గేములు. ఊళ్లో ఎవరు పీసీ కట్టించుకోవాలన్నా ఒకసారి నా దగ్గరికి వస్తుంటారు. మొన్న తమ్ముడి వరస అబ్బాయి ఒకడు వచ్చి అడిగాడు: "అన్నా, 360 లిక్విడ్ కూలర్ పెడితే రూములో ఏసీ లేకపోయినా పర్లేదు కదా?" వాళ్ల నాన్న టమోటా పండిస్తారు. రేటు బాగున్న సీజన్‌లో మిగిలిన డబ్బులోంచి కొడుక్కి పీసీ కొనిస్తున్నారు. ఆ డబ్బు మళ్లీ ఎప్పుడు చేతికొస్తుందో ఎవరికీ తెలీదు. అందుకే ఈ ప్రశ్నకి జవాబు కొంచెం వివరంగా రాయాలనిపించింది.

ట్రాక్టర్ పెద్దదైతే చాలదు

వాడికి చెప్పిన పోలికే ఇక్కడా చెప్తా. తోటలో టమోటా కోసి బాక్సులకెత్తారు. ట్రాక్టర్ ఆ బాక్సుల్ని మదనపల్లె మార్కెట్ యార్డుకి తీసుకెళ్లింది. అక్కడి నుంచి లారీలు బయటి ఊళ్లకి తీసుకెళ్లాలి. లారీలు రాకపోతే? బాక్సులు యార్డులోనే పేరుకుపోతాయి. అప్పుడు మీరు ఇంకా పెద్ద ట్రాక్టర్ తెచ్చినా లాభం లేదు.

ప్రాసెసర్ తోట, లిక్విడ్ ట్రాక్టర్, రేడియేటర్ యార్డు, గాలి లారీ. నీళ్లు వేడిని మోయడంలో గొప్పవే. ఒక కిలో నీళ్లని ఒక డిగ్రీ వేడి చేయడానికి పట్టే శక్తి, ఒక కిలో గాలికి పట్టే శక్తికి నాలుగు రెట్లు. అందుకే చిన్న ట్యూబులో పారే కాసిని నీళ్లు అంత వేడిని లాక్కెళ్లగలవు. కానీ చివరికి దాన్ని గాలికే అప్పగించాలి. ఎయిర్ కూలర్ కూడా చేసేది అదే, కాకపోతే నీళ్లకి బదులు రాగి హీట్ పైపులు మోస్తాయి. రెండింట్లో ఏది పెట్టినా, లోపలికి తీసుకునే గాలికంటే ప్రాసెసర్ చల్లబడటం కుదరదు.

బండ్లు నడిపేవాళ్లకి ఇది ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. లిక్విడ్ కూల్డ్ బైక్ హైవే మీద హాయిగా పోతుంది, ట్రాఫిక్‌లో ఆగితే మాత్రం రేడియేటర్ ఫ్యాన్ బుర్రుమని మొదలై కాళ్ల మీదకి వేడిగాలి కొడుతుంది. హార్స్‌లీ హిల్స్ ఘాట్‌లో ఫస్ట్ గేర్‌లో ఎక్కే పాత కారు టెంపరేచర్ ముల్లు చూడండి. లోపల కూలెంట్ అదే, రేడియేటర్ అదే. మారింది గాలి ఒక్కటే.

మన గది 22 డిగ్రీలు కాదు

యూట్యూబ్ రివ్యూలు చూసి కూలర్ కొనేవాళ్లు గమనించని విషయం ఇది. ఆ టెస్టులు ఎక్కువగా 21 నుంచి 25 డిగ్రీల మధ్య ఉన్న ఏసీ గదుల్లో జరుగుతాయి. 22 డిగ్రీల గదిలో ప్రాసెసర్ 75 చూపించిందంటే, గది కంటే 53 డిగ్రీలు ఎక్కువని అర్థం. అదే కూలర్, అదే లోడ్, గది 37 డిగ్రీలైతే? దాదాపు 90. కూలర్ చెడిపోలేదు, మీరు మోసపోలేదు. మొదలైన చోటే వేరు.

మాది కడప, రెంటచింతల అంత మండే ఊరు కాదు. సముద్ర మట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తులో ఉన్నాం, పక్కనే 1,265 మీటర్ల హార్స్‌లీ హిల్స్. సాయంత్రానికి కాస్త గాలి తిరుగుతుంది. అయినా ఏప్రిల్, మే నెలల్లో మిద్దె పైగదిలో కూర్చుంటే తెలుస్తుంది. పగలంతా ఎండకి కాలిన స్లాబు రాత్రి పదింటి వరకు ఆ వేడిని కిందికి దించుతూనే ఉంటుంది. సరిగ్గా మనం గేములు మొదలుపెట్టే టైమ్ అదే.

దానికి తోడు పీసీ కూడా ఒక హీటరే. గోడ సాకెట్ నుంచి 500 వాట్లు తీసుకుంటే, చివరికి ఆ 500 వాట్లూ వేడిగా మారి గదిలోకే వస్తాయి. ఏఐఓ పెట్టినా అంతే, ఎయిర్ కూలర్ పెట్టినా అంతే. పది అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదిలో ఉండే గాలి సుమారు 30 కిలోలు. తలుపులన్నీ మూసి, ఆ గాలి మాత్రమే వేడెక్కుతుందనుకుంటే నిమిషానికి ఒక డిగ్రీ పెరగాలి. గోడలు, సామాన్లు కొంత పీల్చుకుంటాయి కాబట్టి అంత వేగంగా పెరగదు. కానీ గంటసేపు ఆడాక గది ఎందుకు ఉక్కపోస్తుందో ఇప్పుడు అర్థమైంది కదా.

కాబట్టి మొదటి కూలర్ కిటికీ. దాని కోసం ఒక్క రూపాయి పెట్టక్కర్లేదు. పీసీని బీరువా పక్కన మూలకి తోసేయకండి, వెనక గోడకి కనీసం ఒక జానెడు ఖాళీ ఉంచండి. రాత్రి బయట చల్లబడ్డాక కిటికీ తెరిచి, ఇంకో వైపు తలుపు కూడా తీస్తే గాలి ఎదురుగా పారుతుంది. నీళ్ల కూలర్ వాడేవాళ్లు దాని గాలి నేరుగా పీసీ మీద కొట్టకుండా పెట్టుకోండి. గది చల్లబడితే చాలు, తుంపర్లు బోర్డు మీద పడకూడదు.

రెండు నిమిషాల లెక్క

ఫ్యాన్ డబ్బాల మీద సీఎఫ్ఎం అని ఒక నెంబర్ ఉంటుంది. నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి తోస్తుందన్నది దాని అర్థం. మా ఊరి ఎత్తుకి, 35 డిగ్రీల గాలికి ఒక సులువైన సూత్రం కుదురుతుంది. పీసీ విడుదల చేసే వాట్లని కేసులో నిజంగా పారే సీఎఫ్ఎంతో భాగించి, రెండుతో గుణించండి. కేసులోంచి బయటికొచ్చే గాలి గది కంటే సగటున అన్ని డిగ్రీలు వేడిగా ఉంటుంది. చెన్నై, విశాఖ లాంటి చోట్ల గాలి కొంచెం చిక్కగా ఉంటుంది కాబట్టి రెండుకి బదులు 1.8 వేసుకోండి.

ఇప్పుడు ఒక మామూలు గేమింగ్ బిల్డ్ తీసుకుందాం. రైజెన్ 5 7600, దాని గరిష్ఠ పవర్ 88 వాట్లు. ఆర్‌టీఎక్స్ 4070 సూపర్, 220 వాట్లు. బోర్డు, ర్యామ్, ఎస్ఎస్‌డీ, ఫ్యాన్లు ఇంకో 40 వేసుకుంటే మొత్తం దాదాపు 350.

ముందంతా గాజు, పక్కన సన్నటి సందు మాత్రమే ఉన్న కేసు అయితే, లోపల పారేది 40 సీఎఫ్ఎం అనుకుందాం. 350ని 40తో భాగించి రెండుతో గుణిస్తే 17.5. గది 37 ఉంటే కేసులో గాలి 54 దాటింది. ఇప్పుడు పైన బిగించిన రేడియేటర్‌కి దొరికేది ఆ 54 డిగ్రీల గాలే. లిక్విడ్ దానికంటే ఇంకో ఐదారు డిగ్రీలు వేడిగా ఉంటే 60కి చేరినట్టే. చాలా ఏఐఓలకి లిక్విడ్ సుమారు 60 డిగ్రీలు దాటకూడదని కంపెనీలే చెప్తాయి. అంటే ఇంకా గేమ్ సగంలో ఉండగానే హద్దు దగ్గరికి వచ్చేశాం.

అదే బిల్డ్‌ని ముందు జాలీ ఉన్న మెష్ కేసులో పెట్టి, 100 సీఎఫ్ఎం పారేలా చూస్తే? ఏడు డిగ్రీలు. కేసులో గాలి 44. కూలర్ మార్చకుండానే పది డిగ్రీలు తగ్గాయి, అదీ ప్రాసెసర్‌కి మాత్రమే కాదు. గ్రాఫిక్స్ కార్డుకి, ఎస్ఎస్‌డీకి, బోర్డు మీది వీఆర్ఎంలకి కూడా. ఏఐఓ ఒక్క ప్రాసెసర్‌నే చూసుకుంటుంది. గేమ్ ఆడుతున్నప్పుడు కేసులో ఎక్కువ వేడి పుట్టించేది మాత్రం గ్రాఫిక్స్ కార్డు.

ఒక జాగ్రత్త. డబ్బా మీది సీఎఫ్ఎం ఎదురు ఏమీ లేని ఖాళీలో కొలిచినది. ఫిల్టర్, జాలీ, రేడియేటర్ రెక్కలు అడ్డొస్తే అసలు పారేది బాగా తగ్గిపోతుంది. మూడు ఫ్యాన్లున్నాయని మూడు నెంబర్లు కూడేసి సంబరపడకండి.

మీ కేసుకి ఊపిరి అందుతోందో లేదో తెలుసుకోవడానికి ఒక టెస్ట్. అరగంట గేమ్ ఆడి ఉష్ణోగ్రతలు రాసుకోండి. తర్వాత పక్క ప్యానెల్ తీసేసి ఇంకో అరగంట ఆడండి. ఐదు డిగ్రీల కంటే ఎక్కువ తగ్గాయంటే మీకు కావాల్సింది కొత్త కూలర్ కాదు, గాలి. అరగంట ఎందుకంటే, ఏఐఓలో నీళ్లు నెమ్మదిగా వేడెక్కుతాయి. ఐదు నిమిషాల బెంచ్‌మార్క్‌లో ఏ ఏఐఓ అయినా హీరోలాగే కనిపిస్తుంది.

రేడియేటర్ ముందా, పైనా?

ఇప్పటికే ఏఐఓ కొనేసినవాళ్లు దీని గురించి గొడవపడుతుంటారు. ముందు పెట్టి గాలి లోపలికి లాగితే ప్రాసెసర్‌కి గది గాలి దొరుకుతుంది, కానీ రేడియేటర్ వదిలిన వేడి గ్రాఫిక్స్ కార్డు మీదకి పోతుంది. పైన పెట్టి బయటికి తోస్తే ప్రాసెసర్ కొన్ని డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది, గ్రాఫిక్స్ కార్డుకి మాత్రం ముందు నుంచి తాజా గాలి వస్తుంది. గేములకైతే నా ఓటు పైనే. ముందు రెండు మూడు ఫ్యాన్లు లోపలికి, పైన రేడియేటర్, వెనక ఒకటి బయటికి. గ్రాఫిక్స్ కార్డు పెద్దగా వాడకుండా రోజంతా రెండరింగ్ చేసేవాళ్లయితే ముందు పెట్టుకోవచ్చు.

ఎక్కడ పెట్టినా ఒక నియమం తప్పకూడదు. లూప్ మొత్తంలో పంపు అన్నిటికంటే పైన ఉండకూడదు. ఏఐఓలో ఎప్పుడూ కొంత గాలి ఉంటుంది, అది పైకి చేరుతుంది. ఆ పైచోటు పంపే అయితే అది గాలి మింగుతూ గరగరమంటుంది, ఆయుష్షు తగ్గుతుంది. 2020లో గేమర్స్ నెక్సస్ స్టీవ్ బర్క్ దీని మీద వీడియో చేశాక చాలామంది తమ రేడియేటర్లు తిప్పి బిగించుకున్నారు. మన దగ్గర ఇప్పటికీ పంపు పైన, రేడియేటర్ కింద ఉన్న బిల్డ్ ఫోటోలు కనిపిస్తూనే ఉన్నాయి.

దుమ్ము గురించి ఎవరూ మాట్లాడరు

విదేశీ రివ్యూల్లో దుమ్ము ఒక చిన్న పేరా. మన ఇళ్లలో అదే అసలు విలన్. రోడ్డు పక్క ఇల్లు, వేసవి గాలి, వంటింటి తాలింపు పొగ. ఈ పొగలోని జిడ్డు దుమ్ముని పట్టుకుని రేడియేటర్ రెక్కల మధ్య మెత్తటి దుప్పటిలా పేరుకుంటుంది. అదీ ఫ్యాన్‌కి, రేడియేటర్‌కి మధ్య, బయటికి కనిపించని చోట. ఫ్యాన్లు విప్పితే తప్ప తెలీదు.

అందుకే లోపలికి వచ్చే గాలి బయటికి పోయే గాలి కంటే కొంచెం ఎక్కువ ఉండేలా ఫ్యాన్లు పెట్టండి. అప్పుడు సందుల్లోంచి గాలి బయటికే పోతుంది, దుమ్ము దొంగదారిన రాదు. ముందు ఫిల్టర్ ఉన్న కేసే తీసుకోండి, నెలకోసారి కడిగి బాగా ఆరబెట్టి బిగించండి. మూడు నెలలకోసారి పాత పెయింట్ బ్రష్‌తోనో, బ్లోయర్‌తోనో రెక్కలు శుభ్రం చేయండి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకోండి, లేకపోతే అది మోతాదుకి మించి తిరిగి బేరింగ్ పాడవుతుంది.

పంపు ఆగితే ఎవరు చూస్తారు?

ఎయిర్ కూలర్‌లో చెడిపోయేది ఫ్యాన్ ఒక్కటే. కొన్ని వందలు పెడితే కొత్తది వస్తుంది, అది వచ్చేదాకా ఏ 120 ఎంఎం ఫ్యానో తగిలించి నెట్టుకురావచ్చు. ఏఐఓలో పంపు ఆగితే పీసీ మొత్తం ఆగినట్టే. నీళ్లు కూడా ఏళ్ల తరబడి ట్యూబుల గోడల్లోంచి కొద్దికొద్దిగా ఆవిరై తగ్గుతాయి, వేడి ఎక్కువైతే ఇంకా త్వరగా. మంచి పేరున్న కంపెనీలకీ తిప్పలు తప్పలేదు. 2022లో ఆర్కిటిక్ కంపెనీ తన లిక్విడ్ ఫ్రీజర్ 2 కూలర్లలో కొన్నిటికి గాస్కెట్ సమస్య ఉందని తనే ప్రకటించి, ఉచితంగా రిపేర్ కిట్లు పంపింది. వాళ్లు దాచకుండా చెప్పడం మంచిదే. కానీ ఎన్ని భాగాలుంటే అన్ని చోట్ల చెడిపోవచ్చన్నది మాత్రం నిజం.

బెంగళూరులో ఉండేవాళ్లయితే ఎస్పీ రోడ్డుకి వెళ్లి సాయంత్రానికి ఇంకోటి తెచ్చుకుంటారు. మనకి అలా కాదు. వారంటీ ఐదేళ్లుండొచ్చు, కానీ కొరియర్ చేసి, వాళ్లు పరీక్షించి, తిరిగి పంపేదాకా పని ఎలా? పీసీ మీద ఉద్యోగం చేసేవాళ్లకి, ఎడిటింగ్ చేసి బతికేవాళ్లకి ఆ రోజుల జీతమే అసలు ఖరీదు. ఏఐఓ వాడుతున్నవాళ్లంతా మూడు నాలుగు వేల ఎయిర్ కూలర్ ఒకటి అటక మీద పెట్టుకోవాలంటాను. అలా పెట్టుకోవాల్సిందే అయితే, మొదట అదే బిగించుకోవచ్చు కదా?

పైసా ఖర్చు లేకుండా తగ్గే వేడి

పుట్టిన వేడిని తోలడం కంటే పుట్టకుండా చూడటం సులువు. రైజెన్‌లో బయోస్‌లోనే ఎకో మోడ్ ఉంటుంది. 7950ఎక్స్ లాంటి ప్రాసెసర్ మామూలుగా 230 వాట్ల దాకా పోయి, 95 డిగ్రీల దగ్గర నిలబడేలా ఏఎండీయే తయారుచేసింది. దానికి పెద్ద కూలర్ పెట్టినా ఫుల్ లోడ్‌లో ఉష్ణోగ్రత పెద్దగా తగ్గకపోవచ్చు, స్పీడ్ కాస్త పెరుగుతుందంతే. ఎకో మోడ్‌లో పెడితే వాట్లు బాగా పడిపోతాయి, గేముల్లో తేడా కనిపెట్టడం కష్టం. ఇంటెల్ కోర్ ఐ9-14900కే గరిష్ఠ పవర్ 253 వాట్లు. కొన్ని బోర్డులు ఆ పరిమితిని కూడా ఎత్తేసి నడిపేవి. 13, 14 తరాల ఇంటెల్ ప్రాసెసర్లున్నవాళ్లు ముందు బయోస్ అప్‌డేట్ చేసి, ఇంటెల్ డిఫాల్ట్ సెట్టింగుల్లో పెట్టండి. ఎక్కువ వోల్టేజ్ వల్ల చిప్‌లు పాడవుతున్నాయని తేలి 2024లో కొత్త మైక్రోకోడ్ ఇచ్చారు.

గ్రాఫిక్స్ కార్డుకి కూడా ఇదే మందు. ఆఫ్టర్‌బర్నర్‌లో పవర్ లిమిట్‌ని 80 శాతానికి దించి చూడండి. చాలా కార్డుల్లో ఫ్రేములు కొద్ది శాతమే తగ్గుతాయి. 220 వాట్ల కార్డులో 44 వాట్లు మిగిలాయంటే, కేసులో వేడి, ఫ్యాన్ల మోత, కరెంటు బిల్లు మూడూ తగ్గాయి. కరెంటు పోతే యూపీఎస్ కూడా ఇంకో రెండు నిమిషాలు ఎక్కువ నిలబడుతుంది.

మరి ఏఐఓ ఎవరికి?

లిక్విడ్ కూలింగ్ వేస్ట్ అని నేననను. ప్రాసెసర్ ఒక్కటే గంటల తరబడి 200 వాట్లకి పైగా లాగే పని మీదైతే, అంటే వీడియో రెండరింగ్, త్రీడీ, పెద్ద ప్రాజెక్టుల కంపైలింగ్, 360 ఏఐఓకి అర్థం ఉంది. పొడవాటి టవర్ కూలర్ పట్టని చిన్న కేసుకీ అర్థం ఉంది. లోపల చూడ్డానికి బాగుంటుందని కొంటారా, అదీ తప్పు కాదు. మన డబ్బు, మన ముచ్చట. లియాన్ లీ ఓ11 లాంటి గాజు కేసులు కూడా కింద, పక్కన ఫ్యాన్లు నిండా పెడితే బాగానే ఊపిరి తీసుకుంటాయి. ముచ్చటని ముచ్చటగా కొనండి, అవసరం అనుకుని మాత్రం కొనకండి.

మా తమ్ముడికి చెప్పిన లిస్ట్ ఇదీ: మెష్ కేసు, ముందు రెండు, వెనక ఒకటి ఫ్యాన్లు, థర్మల్‌రైట్ పీర్‌లెస్ అసాసిన్ 120 లాంటి రెండు టవర్ల ఎయిర్ కూలర్. మిగిలిన డబ్బు మంచి పవర్ సప్లైకి, యూపీఎస్‌కి. లో వోల్టేజ్ వచ్చే ఊళ్లో ఆ రెండూ కూలర్ కంటే ముందు ఉండాలి. "లైట్లు రావు కదన్నా" అని కాస్త మొహం చిన్నబుచ్చుకున్నాడు. వంద రూపాయల ఎల్‌ఈడీ స్ట్రిప్ వేసుకోరా అన్నాను.

చివరగా, రివ్యూలు చేసేవాళ్లకి, అంటే మాకు కూడా, ఒక మాట. కూలర్ రివ్యూలో గది ఉష్ణోగ్రత రాయకపోతే ఆ రివ్యూ సగమే. 22 డిగ్రీల గదిలో ఒకసారి, 35 డిగ్రీల గదిలో ఇంకోసారి, మూసిన కేసులో ఒకసారి, అరగంట పాటు నడిపి చూపిస్తేనే మన ఊళ్లలో కొనేవాడికి ఉపయోగం. పీసీ బిల్డులు అమ్మే షాపులవాళ్లు కూడా "లిక్విడ్ కూల్డ్" అన్న స్టిక్కర్ అంటించే ముందు, కేసులోకి గాలి ఏ దారిన వస్తుందో, ఏ దారిన పోతుందో కొనేవాడికి వేలు పెట్టి చూపించాలి. చూపించలేకపోతే ఆ బిల్డ్ కొనకండి.